ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం: కౌంటర్ లోపల అసలు ఎలా ఉంటుంది?

గోదారి_గట్టు
నాలుగు ప్రభుత్వ జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఒకదానిలో ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) ఉద్యోగం వచ్చింది. ఏ కంపెనీ అని అడగకండి, చెప్పను. ప్రస్తుతం మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఇది ఆరో ఏడు. జీతం ఇక్కడే కొంచెం ఎక్కువ, కానీ ఈ ఏడాది మా టీమ్‌లో సగం మందిని ఇంటికి పంపేశారు. ఎప్పుడు నా వంతో అని రోజూ టెన్షన్.

మా నాన్న తాడేపల్లిగూడెంలో ముప్పై ఏళ్లుగా లైఫ్ ఏజెంటు. గడువు దగ్గర పడితే వీధిలో సగం మంది ప్రీమియం ఆయన జేబులోంచే కట్టేసేవారు. తర్వాత వసూలుకు సైకిల్ మీద తిరిగేవారు. ఆ బాకీల పుస్తకం ఇంకా బీరువాలో ఉంది, అందులో చాలామంది పోయారు కూడా. అంటే ఈ వ్యాపారాన్ని గుమ్మం బయట నుంచి చూస్తూ పెరిగాను, కౌంటర్ లోపల ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

అడగాల్సినవి మూడే. రోజంతా చేసే పని ఏమిటి? జనానికి అబద్ధాలు చెప్పాల్సి వస్తుందా? నాలుగేళ్ల బాండు అంటున్నారు, నిజంగా వసూలు చేస్తారా? మాఘంలో పెళ్లి. కాబోయే ఆయన ఉద్యోగం హైదరాబాదులో.

ఉల్లిపెసరట్టు
మూడో ప్రశ్న బాండు గురించా, పెళ్లి గురించా?

మార్చి31
పై కంపెనీల్లో ఒకదానిలో 14 ఏళ్లుగా ఉన్నాను. నేనూ పేరు చెప్పను.

బాండు సంగతి ముందు. ప్రొబేషన్‌తో కలిపి నాలుగేళ్లు చేస్తానని రాసివ్వాలి. మధ్యలో మానేస్తే గరిష్ఠంగా ఏడాది స్థూల జీతం వరకు కట్టాలి, చేసిన కాలాన్ని బట్టి తగ్గుతుంది. వసూలు చేస్తారా అంటే, చేస్తారు. మా బ్యాచ్‌లో ఒకతను బ్యాంకు ఉద్యోగం వచ్చి అప్పు చేసి మరీ కట్టి వెళ్లాడు. ఇంకోటి, కన్ఫర్మేషన్ కావాలంటే ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల లైసెన్షియేట్ పరీక్ష పాసవ్వాలి. చాలామంది ఆఖరి నెల దాకా పుస్తకం తెరవరు. మీరలా చేయకండి.

జీతం: 2025 నోటిఫికేషన్లలో బేసిక్ 50,925 ఉండేది. మిగతా అలవెన్సులు ఊరిని బట్టి. పెన్షన్ మాత్రం 2010 ఏప్రిల్ తర్వాత చేరిన మా అందరికీ ఎన్‌పీఎస్సే, అంటే ఇంత వస్తుందని హామీ లేని కొత్త పెన్షన్. పాత పెన్షన్ ఉన్న సీనియర్ పక్క సీట్లో కూర్చుని ‘రిటైరయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావు’ అని అడుగుతుంటే కడుపు మండుతుంది.

పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా. ఆ మాట పెళ్లికి ముందే ఇంట్లో చెప్పేయండి.

టార్గెట్_బాధితుడు
ప్రభుత్వ కంపెనీ కదా, కళ్లు మూసుకుని చేరిపోండి. నేను ఒక పెద్ద ప్రైవేటు లైఫ్ కంపెనీలో మూడున్నరేళ్లు చేశాను, ఒక బ్యాంకు బ్రాంచిలో నా కుర్చీ. పొద్దున తొమ్మిదిన్నరకు ఫోన్లో హడిల్. ‘నిన్న లాగిన్ ఎంత? ఇష్యూ ఎంత?’ అంటే ఎన్ని దరఖాస్తులు పెట్టావు, ఎన్ని పాలసీలు అయ్యాయి అని. సున్నా అన్నవాడిని అందరూ వింటుండగా పది నిమిషాలు తిట్టేవారు. మార్చిలో టార్గెట్ తగ్గితే మన జేబే దిక్కు. నా భార్య పేరు మీద రెండు, మా అమ్మ పేరు మీద ఒకటి, బావమరిది పేరు మీద ఒకటి. రెండో ప్రీమియం కట్టలేక అన్నీ లేప్స్. లేప్స్ అయితే మళ్లీ పర్సిస్టెన్సీ (అమ్మిన పాలసీలు ఎన్ని నిలిచాయనే లెక్క) పడిపోయిందని ఇంకో తిట్టు.

మానేసింది మాత్రం తిట్లకు కాదు. రిటైరైన మాస్టారొకాయన ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడానికి బ్యాంకుకొచ్చారు. మేనేజర్ నా వైపు చూపించాడు. ఏటా లక్ష చొప్పున ఐదేళ్లు కట్టే పాలసీ అంటగట్టాను. సంతకాలు పెడుతూ నాకు థాంక్స్ చెప్పారు. ఏడాది తిరిగాక వచ్చి ‘వడ్డీ ఏ నెలలో పడుతుంది బాబూ’ అని అడిగారు. ఇంకో లక్ష కట్టాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు, బాత్రూమ్‌కి వెళ్లి వస్తానని చెప్పి అటు నుంచి అటే ఇంటికి వెళ్లిపోయాను.

కూకట్‌పల్లి_కామన్‌మ్యాన్
నిజాయితీగా ఒప్పుకున్నందుకు సంతోషం. మా అమ్మ మోకాలి ఆపరేషన్ క్లెయిము తిప్పికొట్టింది మీలాంటి కంపెనీ వాళ్లే. నాలుగేళ్లుగా ప్రీమియం కడుతున్నాం. ఇప్పుడు ‘బీపీ ఉన్న విషయం దాచారు’ అంటున్నారు. మోకాలికీ బీపీకీ ఏంటండీ సంబంధం? వసూలు చేసేటప్పుడు తియ్యటి మాటలు, ఇచ్చేటప్పుడు కండిషన్లు. లోపల ఎలా ఉంటుందని అడుగుతున్నారు కదా, క్లెయిము ఎలా ఎగ్గొట్టాలో ఆలోచించే ఆఫీసు అది. అంతే.

ఉల్లిపెసరట్టు
బాధితుడు గారు అమ్మింది లైఫ్ అన్నా, హెల్త్ కాదు. హెల్త్ పాలసీలో లాగే తిట్టే ముందు కూడా వేచి ఉండే కాలం ఉంటుంది.

పళ్ల_డాక్టర్
కామన్‌మ్యాన్ గారు తిట్టే ఆ కుర్చీలో కూర్చునేది నేనే, అంటే నాలాంటి వాళ్లు. బీడీఎస్ చేసి, క్లినిక్ పెట్టే స్తోమత లేక, ఒక హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు చూసే ఉద్యోగంలో చేరాను. మా ఫ్లోర్‌లో సగం మంది బీడీఎస్, మిగతా హోమియో, ఆయుర్వేదం వాళ్లు. ఐదేళ్లలో ఒక్క పన్ను పీకలేదు.

పని ఇలా ఉంటుంది. క్యాష్‌లెస్ రిక్వెస్టు రాగానే స్క్రీన్ మీద గడియారం మొదలవుతుంది. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం గంటలోగా అనుమతి గురించి తేల్చాలి, డిశ్చార్జి అయితే మూడు గంటల్లో. మంచి రూలే. కానీ రూలు వచ్చింది, మనుషులు పెరగలేదు. ఒక్కోరోజు అరవై ఫైళ్లు. మధ్యాహ్నం బాక్సు విప్పేలోపు రెండు ఎర్రగా మెరుస్తుంటాయి.

ఎగ్గొట్టడానికే కూర్చుంటాం అనేది తప్పు. నేను ఒప్పుకున్న ఫైళ్లే చాలా ఎక్కువ, కానీ ఒప్పుకున్నవాళ్లెవరూ చర్చల్లోకి రారు కదా. ఒకసారి ఒకే ఇంటి నుంచి నలుగురు, ఒకే రోజు డెంగీతో అడ్మిట్. నలుగురికీ ప్లేట్‌లెట్లు ఒకే అంకె. తాత 70, మనవరాలు 9, ఒకే బరువు! ఆ ఫైలు ఆపితే నేను పాపాత్మురాలినా?

అమ్మగారి విషయం: ప్రపోజల్ ఫారం ఎవరు నింపారు?

కూకట్‌పల్లి_కామన్‌మ్యాన్
ఏజెంటే నింపాడు. మేం సంతకం పెట్టాం. ‘బీపీ రాస్తే ప్రీమియం పెరుగుతుంది, అందరికీ ఉండేదే’ అన్నాడు.

పళ్ల_డాక్టర్
ఇదే నేననుకున్నది. రాసి ఉంటే కొంచెం ఎక్కువ ప్రీమియంతో పాలసీ ఇచ్చేవాళ్లు, ఇప్పుడీ గొడవే ఉండేది కాదు. వరసగా ఐదేళ్లు పూర్తయి ఉంటే కూడా, మోసం అని నిరూపిస్తే తప్ప, దాచారన్న కారణంతో తిప్పికొట్టడానికి లేదు. ఇంతకుముందు అది ఎనిమిదేళ్లు, 2024లో తగ్గించారు. మీది నాలుగు.

అయినా వదలకండి. మోకాలి అరుగుదలకు బీపీ కారణం కాదని సర్జన్ చేత రాయించండి. దాంతో ముందు కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. 50 లక్షల వరకు ఆర్డరు ఇవ్వొచ్చు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. గెలుస్తారని మాట ఇవ్వలేను.

ఓరుగల్లు_బిడ్డ
డాక్టరమ్మా, అన్నీ ఏజెంట్ల మీదికే తోస్తే ఎట్ల? నేనూ ఏజెంటునే. షుగర్ ఉన్నదని రాస్తా అంటే కస్టమరే వద్దు అంటడు. ‘నువ్వు రాస్తే నేను వేరే ఏజెంటు దగ్గరికి పోత’ అంటడు. రేపు క్లెయిము పోతే మళ్ల నన్నే తిడతడు.

కంపెనీలన్నీ ఎగ్గొట్టుడే అన్న మాటకు నేను ఒప్పుకోను. మా నాయన 2020ల చనిపోయిండు. తెలంగాణ సర్కారు రైతుబీమా ఉండె. వ్యవసాయ శాఖ ఏఈవో సారు ఇంటికొచ్చి కాగితాలు తీసుకపోయిండు, ఎల్‌ఐసీ నుంచి అమ్మ ఖాతాల ఐదు లక్షలు పడ్డయి. ఎవరి కాళ్లు మొక్కలే, ఎవరికీ చాయ్ కూడా తాపలే. అదే మా పెదనాయనకు రాలే. 59 దాటితే స్కీము లేదు. ఆధార్‌ల పుట్టిన తేదీ జనవరి 1 అని వేసిన్రు, ఊర్ల సగం మందికి అదే తేదీ. అసలు వయసు ఎంతో ఆయనకే తెల్వది.

ఉల్లిపెసరట్టు
మా అమ్మమ్మ ఊళ్లో జనవరి 1న కేకు కోయాలంటే లారీలో తేవాలి.

గోదారి_గట్టు
ఓరుగల్లు అన్నయ్యా, మా నాన్నకు చదివి వినిపించాను. ‘నిజం’ అన్నారు, అంతకంటే ఏమీ మాట్లాడలేదు.

మార్చి31 గారూ, నా మొదటి ప్రశ్న మిగిలిపోయింది. రోజంతా ఏం చేస్తారు?

మార్చి31
సీటును బట్టి ఉంటుంది. అండర్‌రైటింగ్ (రిస్కు చూసి పాలసీ ఇచ్చే సీటు) అయితే పాలసీలు, ఎండార్స్‌మెంట్లు అంటే పాలసీలో మార్పులు, డీలర్ల ఫోన్లు. అక్కడ మొదట బుర్రకెక్కించుకోవాల్సింది 64వీబీ. ప్రీమియం చేతికి రాకుండా రిస్కు మొదలవ్వదని చట్టంలోని సెక్షన్. చెక్కు బౌన్సయిన లారీకి యాక్సిడెంట్ అయితే ఆ సెక్షన్ నంబరు మీకు నిద్రలో కూడా గుర్తుంటుంది. మార్చి నెలాఖరు గురించి నా పేరు చూసి అర్థం చేసుకోండి. పెళ్లయిన ఏడాది ఆ రోజు రాత్రి పన్నెండున్నరకు ఇంటికి వెళ్తే మా ఆవిడ తలుపు తీయలేదు.

నా మొదటి పోస్టింగ్ మార్కాపురం వైపు చిన్న బ్రాంచి. అక్కడ పశువుల బీమా ఎక్కువ. గేదెకు చెవికి ట్యాగు వేస్తారు, ట్యాగు లేకపోతే క్లెయిము లేదు, ఇది గీతావాక్యం. చేరిన మూడో వారం ఒక రైతు వచ్చి క్యారీబ్యాగు నా టేబుల్ మీద పెట్టాడు. టిఫిన్ అనుకున్నాను. తీసి చూస్తే చెవి. ట్యాగుతో సహా కోసుకొచ్చాడు. ‘నంబరు మీరే చూసుకోండి సార్, తర్వాత లేదంటారు’ అన్నాడు. నేను బయటికి పరిగెత్తాను. మా అటెండరు మాత్రం చెవిని పక్కకు తిప్పి నంబరు చదివి, రిజిస్టర్‌లో రాసుకుని, ‘పోస్ట్‌మార్టమ్ కాగితం ఏదీ’ అని అడిగాడు. ఆ అటెండరు నాకు నేర్పినంత పుణెలో ట్రైనింగ్ వాళ్లు కూడా నేర్పలేదు.

ఉల్లిపెసరట్టు
ఇప్పుడు పెసరట్టు తింటున్నాను సార్. తినడం ఆపేశాను.

బెజవాడ_సర్వేయర్
పశువులు ఏం చూశారు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగాక సింగ్ నగర్ చూడాల్సింది. నేను ఉద్యోగిని కాను, నష్టం ఎంతో లెక్కగట్టే లైసెన్సున్న సర్వేయర్ని. బండికి జరిగిన సొంత డ్యామేజీ 50 వేలు దాటితే మాలాంటివాడు చూడాల్సిందే. రోజుల తరబడి నీళ్లలో నానిన కార్లు. తలుపు తీస్తే బురద, సీటు కింద చేపపిల్లలు. సబ్ కలెక్టరు ఆఫీసు దగ్గర కంపెనీలన్నీ కలిసి కౌంటర్లు పెట్టాయి.

చెప్పొచ్చేదేమిటంటే, నీళ్లు దిగాక జనం మొదట చేసిన పని తాళం తిప్పడం. ఇంజిన్‌లో నీళ్లుండగా స్టార్ట్ చేస్తే లోపల రాడ్లు వంగిపోతాయి. అది వరద నష్టం కాదు, మీరు చేసిన నష్టం అంటుంది మామూలు పాలసీ. ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకుంటేనే దిక్కు. ఒక క్యాబ్ డ్రైవర్‌ని అడిగాను, ‘స్టార్ట్ చేశావా?’ ‘మూడుసార్లు చేశాను సార్, మంచి బండి, మూడోసారి కొంచెం కదిలింది కూడా’ అని గర్వంగా చెప్పాడు. వెనకనుంచి వాళ్లావిడ సైగలు చేస్తూనే ఉంది, చెప్పొద్దని. నేను రిపోర్టులో ఏం రాశానో ఇక్కడ రాయను.

టార్గెట్_బాధితుడు
రాయకండి. చదివేవాళ్లలో ఆడిటర్ ఉండొచ్చు.

ఇల్లినాయ్_కోబాల్
అమెరికాలో బ్లూమింగ్టన్ అనే ఊళ్లో ఒక బీమా కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఊళ్లో తెలుగువాళ్లు బోలెడు, గుడి కూడా ఉంది. నేను చూసుకునే ప్రోగ్రాములో కొన్ని లైన్లు నేను పుట్టకముందు రాసినవి, ముట్టుకోవాలంటే మూడు మీటింగులు. గట్టు గారూ, లేఆఫ్ భయంతో సాఫ్ట్‌వేర్ వదిలి బీమాకు వెళ్తున్నారు. నేను బీమా కంపెనీలోనే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, నాకూ అదే భయం. తేడా ఏమీ లేదు.

మార్చి31
తేడా ఉంది కోబాల్ గారూ. మాకు లేఆఫ్ లేదు, బదిలీ ఉంది.

బందరు_లడ్డు
పిల్లలందరూ సరదాగా మాట్లాడుకుంటున్నారు, ముసలివాణ్ణి నేనూ ఒక మాట చెబుతాను. 1981లో ఎల్‌ఐసీ మచిలీపట్నం డివిజన్‌లో అసిస్టెంటుగా చేరి హెచ్‌జీఏగా (హయ్యర్ గ్రేడ్ అసిస్టెంటు) రిటైరయ్యాను. బందరుకూ బీమాకూ పాత చుట్టరికం. పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకే కాదు, ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ కూడా ఇక్కడే పెట్టారు. 1956 సెప్టెంబరు 1న అలాంటివి 245 కలిపితే ఎల్‌ఐసీ అయింది.

మా రోజుల్లో అంతా కాగితమే. ఒక్కో పాలసీకి ఒక డాకెట్, అంటే కాగితాల కట్ట. రికార్డు రూములో డాకెట్ దొరక్కపోతే ఆ మనిషి లేనట్టే. స్పాంజి తడిలో వేళ్లు ముంచి నోట్లు లెక్కపెట్టిన చేతులివి.

నేను చేరేటప్పటికి దివిసీమ ఉప్పెన వచ్చి నాలుగేళ్లు. 1977 నవంబరు 19. నాగాయలంక అవతల నుంచి ఒకావిడ మూడు నెలలకోసారి వచ్చి ప్రీమియం కట్టి వెళ్లేది. పాలసీ ఆమె భర్తది, కిరాణా కొట్టు ఆయన. ఒకరోజు రసీదు రాస్తూ, ‘ఆయన రారేమమ్మా, ఎప్పుడూ నువ్వే వస్తావు’ అన్నాను ఊరికే. ‘ఉప్పెనలో పోయినోళ్లలో కనపళ్లేదయ్యా. ఎక్కడో ఉండుంటాడు. వచ్చాక పాలసీ ఆగిపోయిందంటే కోప్పడతాడు’ అంది. క్యూలో వెనకున్నవాళ్లు నోరు మూసుకున్నారు.

ఏడేళ్లు కనబడని మనిషిని చనిపోయినట్టు భావించొచ్చని చట్టం ఉంది. అప్పటిదాకా ప్రీమియం ఆగకూడదు. ఆమెకు చట్టం తెలియదు, తెలియకుండానే సరిగ్గా చేసింది. మా సూపరింటెండెంటు ఉప్పెన కేసు కాబట్టి క్లెయిము ముందే పెట్టుకోవచ్చు, ప్రయత్నిద్దాం అని ఆమెకు కబురు పెట్టారు. ఆమె ఒప్పుకోలేదు. క్లెయిము ఫారం మీద సంతకం పెడితే తాళి తీసినట్టేనంది. ’85లో వాళ్లబ్బాయి వచ్చి పెట్టించాడు. డిశ్చార్జి ఫారం మీద ఆమె వేలిముద్ర వేసేటప్పుడు ఇంకు ప్యాడ్ పట్టుకున్నది నేనే.

గోదారి_గట్టు
బాబాయిగారూ...

కూకట్‌పల్లి_కామన్‌మ్యాన్
ఏమనాలో తెలియట్లేదు. నిన్న నేను కొంచెం ఎక్కువ మాట్లాడాను. కానీ నా క్లెయిము విషయంలో కోపం మాత్రం పోలేదు, చెబుతున్నాను.

బందరు_లడ్డు
పోకూడదు కూడా. గ్రీవెన్సు ఉత్తరం గట్టిగా రాయి నాయనా. మర్యాదగా రాస్తే ట్రేలో కింద పడుతుంది.

టార్గెట్_బాధితుడు
అబద్ధాల ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. నేను చెబుతాను. సేల్స్‌లో అయితే చెప్పాలి. అబద్ధం అనరు, ‘పిచ్’ అంటారు.

పళ్ల_డాక్టర్
నా సీట్లో అబద్ధం చెప్పక్కర్లేదు, నిజాన్ని నాలుగు లైన్ల టెంప్లేట్‌లో చెప్పాలి. ‘పాలసీ నిబంధన ప్రకారం చింతిస్తున్నాం.’ చింతించేంత టైమ్ ఎక్కడిది, పక్క ఫైలు ఎర్రబడుతుంటే.

మార్చి31
నాకు ఇబ్బంది అనిపించేది అబద్ధం కాదు, బేరం. ఇప్పుడు నేను థర్డ్ పార్టీ కేసుల సీట్లో ఉన్నాను. యాక్సిడెంట్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి ఎంత ఇవ్వాలనే లెక్క. 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో ఏ వయసుకు ఎంతతో గుణించాలో ఒక పట్టిక ఇచ్చింది. ముప్పై రెండేళ్ల ఆటో డ్రైవర్, నెలకు 15 వేలు, ఇంట్లో ఆధారపడ్డవాళ్లు నలుగురు అనుకోండి. ఏడాదికి లక్షా 80 వేలు, తన ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే లక్షా 35 వేలు, ఆ వయసుకు 16తో గుణిస్తే 21 లక్షల 60 వేలు. భవిష్యత్తులో పెరిగే సంపాదన, ఇంకొన్ని పద్దులు దానికి కలుస్తాయి. ఇంతవరకు లెక్కల మాస్టారి పని.

రాజీ కోసం లోక్ అదాలత్‌లో కూర్చుంటే, పోయినవాడి భార్య ఎదురుగా కూర్చుంటుంది. నా జేబులో ఆర్వో (రీజనల్ ఆఫీసు) ఆమోదించిన గరిష్ఠ అంకె ఉంటుంది. వాళ్ల లాయరు ఒకటంటాడు, నేను ఒకటంటాను. నెల సంపాదన 15 కాదు 12 అని నేను వాదించాలి. పన్నెండంటే 4 లక్షల 32 వేలు తగ్గుతుంది. మొన్న నేను పన్నెండు అనగానే ఆవిడ నన్నేమీ అనలేదు, పక్కనున్న పిల్లాడితో ‘నాన్న రోజుకు ఎంత తెచ్చేవాడో సార్‌కి చెప్పు’ అంది. పిల్లాడికి ఏడేళ్లుంటాయి. ‘ఐదొందలు, పండగైతే వెయ్యి’ అన్నాడు. నెలకు పదిహేను అని రాసి సంతకం పెట్టాను. పై నుంచి మెమో వస్తే వస్తుందనుకున్నాను. ఇంకా రాలేదు.

గట్టు గారూ, మీరడిగింది ఇదే అనుకుంటాను.

గోదారి_గట్టు
అవును సార్, ఇదే.

ఉల్లిపెసరట్టు
ఈ చర్చలో నేను జోకులేయడం మానేస్తున్నాను, అరగంట పాటు.

ఓరుగల్లు_బిడ్డ
ఒక్క మాట అక్కా. ఇన్సూరెన్స్ ఆఫీసర్ అంటే చుట్టాలందరూ ‘పాలసీ కట్టమంటదేమో’ అని ఫోన్ ఎత్తరు. అది మాత్రం ఏజెంటుకైనా ఆఫీసర్‌కైనా ఒకటే.

గోదారి_గట్టు
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. చేరుతున్నాను. రిపోర్టు చేయాల్సింది నాగపూర్‌లో. కాబోయే ఆయన హైదరాబాదు నుంచి రైలు టైములు ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించారట, వాళ్లమ్మగారు ఫొటో పంపారు. నాన్న మాత్రం బాకీల పుస్తకం తెచ్చి నా పెట్టెలో పెట్టబోయారు, ‘ఎవరెవరు ఎలాంటివాళ్లో తెలుస్తుంది’ అని. అమ్మ తీసేసింది.

మార్చి31
చేరే రోజు ఒరిజినల్స్ అన్నీ, రెండేసి సెట్లు జిరాక్సు. కుల ధ్రువీకరణ పత్రం ఉంటే అందులో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెడతారు. విదర్భలో పశువుల బీమా ఉంటుంది, క్యారీబ్యాగులు మీరు విప్పకండి.

కూకట్‌పల్లి_కామన్‌మ్యాన్
శుభాకాంక్షలు మేడమ్. నా సంగతి: బాబాయిగారు చెప్పినట్టు గట్టిగా రాశాను, డాక్టర్ గారు చెప్పినట్టు సర్జన్ కాగితం పెట్టాను. ‘పరిశీలనలో ఉంది’ అని మెసేజ్ వచ్చింది. నెల పూర్తవడానికి ఇంకా పదకొండు రోజులు. అమ్మ ఇప్పుడు కర్ర లేకుండా మెట్లు దిగుతోంది.